డిక్లేర్ చెయ్యడానికి ఏమీ లేని కుటుంబం

మా ఆయన ప్రాజెక్టు మేనేజరు. ఆఫీసులో మాత్రమే అయితే నాకేం అభ్యంతరం ఉండేది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక కూడా ఆయన మేనేజరుగానే ఉంటారు. గోడకు మేకు కొట్టాలన్నా ముందు ఒక మీటింగు పెడతారు. మేకు వంకరపోతే ఎవరు బాధ్యులో ఆ మీటింగులోనే తేలిపోతుంది. అలాంటి మనిషి ఇంటిల్లిపాదినీ దుబాయ్ చూపిస్తానన్నప్పుడు నాకు సంతోషం కంటే ముందు తలనొప్పి వచ్చింది.

ఇంటిల్లిపాది అంటే మేమిద్దరం, ప్రగతి నగర్ ఫ్లాటులో మాతోనే ఉండే మా అత్తయ్య, ఖాజాగూడలో ఉండే మా ఆడపడుచు, ఆవిడ భర్త. ఈ చివరి ఆయన్ని నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆఫీసు పని మీద ఆయన చాలా దేశాలు తిరిగారు. ఏ దేశంలోనైనా ఆయన చూసింది విమానాశ్రయం, హోటలు, ఆఫీసు, మళ్ళీ విమానాశ్రయం. అయినా ఎదుటివాళ్ళ నోట వీసా అన్న మాట వస్తే చాలు, ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటారు. ఇక ఆ పూటకు మనం వంటింట్లోకి కూడా వెళ్ళలేం.

ప్రయాణం ఖాయం కాగానే మా ఆయన ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. దానికి తోడు ఒక ఎక్సెల్ షీటు. అందులో ఎరుపు గళ్ళు, పచ్చ గళ్ళు. ఎవరి పాస్‌పోర్టు గడువు ఎప్పటి వరకు, ఎవరికి బీమా చేయించాలి, ఎవరి సూట్‌కేసు తాళం పనిచెయ్యట్లేదు, అన్నీ ఆ గళ్ళలో ఉండేవి. ప్రతి ఆదివారం స్టేటస్ కాల్. ఆయన హాల్లో కూర్చుని, నేను వంటింట్లో నిలబడి, ఇద్దరం ఒకే ఇంట్లోంచి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. అత్తయ్య మాత్రం ఆయన పక్కనే సోఫాలో కూర్చునేది.

"అమ్మా, నీ స్టేటస్ చెప్పు," అనేవారు మా ఆయన.

"బానే ఉన్నాను నాన్నా. ఎడమ మోకాలే కొంచెం పట్టేసింది," అనేది ఆవిడ.

ఆమె గడికి ఆయన పసుపు రంగు వేసేవారు.

విదేశీ నియమాల మీద పాఠం చెప్పడానికి అన్నయ్యగారు మమ్మల్ని ఒక ఆదివారం తమ ఇంటికి భోజనానికి పిలిచారు. మన ఇళ్ళలో కస్టమ్స్ అంటే బంగారం, మందు సీసాలు. ఈ రెండింటి గురించీ ఎవరిని నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు. ఆడవాళ్ళకు ఎంత, మగవాళ్ళకు ఎంత, గాజులైతే ఎలా, బిస్కెట్లయితే ఎలా అని అన్నయ్యగారు పప్పు కలుపుకుంటూ వివరించారు. వెళ్ళేటప్పుడే నగలన్నీ పెట్టుకుని విమానాశ్రయంలో ఫోటో దిగాలట. వచ్చేటప్పుడు ఎన్ని గాజులు పెరిగినా పాతవేనని ఆ ఫోటో చూపించి బుకాయించొచ్చట. ఈయనే మొన్న ఎవరో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి చాచాడని దేశం బాగుపడదంటూ గ్రూపులో పొడుగాటి మెసేజి పెట్టారు. దానికి చప్పట్లు కొట్టినవాళ్ళలో మా ఆయన ఒకరు.

"ఏమైనా అడిగితే నథింగ్ టు డిక్లేర్, అంటే చెప్పుకోవాల్సిందేమీ లేదు, అనండి. ముఖం మీద నవ్వు ఉండాలి. నవ్వేవాళ్ళని ఆపరు," అన్నారు అన్నయ్యగారు.

"మరి నిజంగా ఏమైనా ఉంటేనో, అల్లుడుగారూ?" అని అత్తయ్య అడిగింది.

"అప్పుడు ఇంకొంచెం ఎక్కువ నవ్వాలి అత్తయ్యగారూ."

అందరూ పగలబడి నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. ఆవిడ రాజమండ్రిలో ముప్పావు జీవితం బడిపంతులు భార్యగా గడిపింది. రైల్లో టిక్కెట్టు కలెక్టరు దూరంగా కనపడగానే సంచిలోంచి టిక్కెట్టు తీసి చేత్తో పట్టుకుని కూర్చునే రకం. మా ఆయన ఒకసారి నెట్లో చదివి, దుబాయ్‌కి గసగసాలు తీసుకెళ్ళకూడదు, మత్తుమందు కింద లెక్క, జైల్లో పెడతారు అని చెబితే, ఆవిడ ఎందుకని కూడా అడగలేదు. హోటల్లో కూరలు నచ్చకపోతే అక్కరకొస్తుందని దంచి పెట్టుకున్న మసాలా పొడి మొత్తం పక్కింటావిడకి ఇచ్చేసింది. పొడి కట్టిన సంచిని కూడా దులిపి, ఉతికి, ఎండలో ఆరేసింది. ఆ రోజు గ్రూపులో మా ఆయన తల్లిని మెచ్చుకుంటూ, అందరూ ఇలా ఉంటే నియమాల కంప్లయన్సు ఎంత తేలికో అని రాశారు.

ఇక నా సంగతి. ఏడాది కిందట ఆఫీసులో ఒక రోజు లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకోగానే గుండె దడదడలాడింది, చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. కింద సెక్యూరిటీవాళ్ళు ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి పంపారు. గుండె నిక్షేపంలా ఉందన్నారు. మళ్ళీ వచ్చింది, ఆ తరవాత ఇంకోసారి వచ్చింది. చివరికి మూసాపేటలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. దీన్ని ఆందోళన జబ్బు అంటారని ఆవిడ చెప్పింది. రాత్రి భోజనం తరవాత ఒక మాత్ర రాసింది. అది వేసుకోవడం మొదలుపెట్టాక నేను మళ్ళీ లిఫ్టు ఎక్కాను, మళ్ళీ మనిషినయ్యాను.

మా ఆయన చెడ్డవారని నేననను. ప్రతిసారీ కారు నడిపి తీసుకెళ్ళారు, డాక్టరు చెప్పింది శ్రద్ధగా విన్నారు. కాకపోతే బయట వరండాలో కూర్చున్నంతసేపూ మూతికి మాస్కు పెట్టుకునేవారు. కరోనా పోయి ఎన్నేళ్ళయిందని! ఎదురుగుండా టీ కొట్టు దగ్గర ఎవరో ఆఫీసువాళ్ళు కనపడ్డారట ఒకసారి. ఇంటికొస్తూ కారులోనే అన్నారు, అమ్మకు చెప్పొద్దు, కంగారు పడుతుంది, అక్కకు అసలే వద్దు, బావకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది అని. ఆ మాత్రలకు మా ఇంట్లో బీకాంప్లెక్సు అని పేరు పడింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎవరో రాసిన దాంట్లో తప్పులు వెతికితే నాకు జీతమిస్తారు. కాబట్టి దుబాయ్ ప్రయాణానికి ముందు ఆ దేశపు సర్కారు వెబ్‌సైటు తెరిచి, మా షీటులో లేని విషయాలు ఏమున్నాయా అని చూశాను. ఉన్నాయి. నేను వేసుకునే మాత్ర అక్కడ అదుపులో పెట్టిన మందు. ముందుగా అనుమతి తీసుకోవాలి. డాక్టరు రాసిన చీటీ వెంట ఉండాలి. మాత్రలు మందుల షాపులో ఇచ్చిన పెట్టెలోనే, అదే అట్టతో, ఎవరి మందు వాళ్ళ దగ్గరే ఉండాలి. అనుమతి లేకుండా దొరికితే పట్టుకుంటారు. అదీ సంగతి. మూడు దేశాల మందు సీసాల లెక్క నోటికొచ్చిన అన్నయ్యగారి పాఠంలో మందు బిళ్ళ ప్రస్తావనే రాలేదు.

మా ఆయనకు చెబితే గొంతులో పచ్చి వెలక్కాయ పడినట్టు చూశారు.

"అనుమతికి పెడితే కాయితాలన్నీ అందరూ చూసే గ్రూపు ఫోల్డర్లో పెట్టాలి కదా. బావ చూస్తారు," అన్నారు.

"పెట్టొద్దు మరి. నా దగ్గర ఉంచుకుంటాను."

"ఆ వారం రోజులు మానేస్తే?"

"ఉన్నట్టుండి మానకూడదని డాక్టరు మీ ముందే చెప్పింది కదండీ."

కాసేపు ఆలోచించి, ముఖం వెలిగిపోతుండగా అన్నారు: "విటమిను డబ్బాలో పోసేద్దాం. ఎవరు చూస్తారు?"

గసగసాలు తీసేయించిన మనిషి ఈయనేనా అని నాకు ఒళ్ళు మండిపోయింది. తల్లి మసాలా పొడి మీద ఉన్న చట్టభయం పెళ్ళాం జబ్బు దగ్గరికొచ్చేసరికి ఆవిరైపోయింది. నేను ఆ మాటే అన్నాను.

మర్నాడు ఆఫీసు క్యాంటీనులో నా ముఖం చూసి మా టీములో అమ్మాయి, కరీంనగర్ పిల్ల, పట్టుకుంది. "ఏందక్కా, గిట్ల పరేషాన్ అవుతున్నవ్?" అంది. మొగుడికి తప్ప ఎవరికీ చెప్పని విషయం నా నోట ఎలా వచ్చిందో గాని, చెప్పేశాను.

"గింతేనా? షుగర్ గోలీలు అందరి ముంగట ఏస్కుంటరు, గివి ఏస్కుంటే ఏమైతది? పర్మిషన్ పెట్టుకో. మీ సారుకు చెప్పేదేంది?" అని నా ప్లేటులోంచి మిర్చి బజ్జీ తీసుకుని తినేసింది.

అనుమతికి పెట్టాను. డాక్టరు చీటీ ఇచ్చింది, అవతలి నుంచి అనుమతి వచ్చింది. అనుకున్నంత కష్టమేం కాలేదు. కాయితాలు, మందు పెట్టె నా చేతిసంచిలో పెట్టుకుని, ఆ సంచి ఎవరికీ ఇవ్వనని మా ఆయనకు చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపారు. అంత బుద్ధిగా తలూపినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా ఆయనకు ఒక నమ్మకం ఉంది. ఏ వస్తువూ ఒక్క చోటే ఉండకూడదు. ఒక సర్వరు పడిపోతే ఇంకొకటి లేచి నిలబడాలి. దీన్ని ఆయన బ్యాకప్ అంటారు, భక్తిగా అంటారు. అందుకే మా సూట్‌కేసులన్నీ కలగాపులగంగా ఉన్నాయి. నా చీరలు కొన్ని ఆడపడుచు పెట్టెలో, ఆవిడ నైటీ నా పెట్టెలో, అన్నయ్యగారి బనీన్లు మా ఆయన పెట్టెలో. ఒక పెట్టె పోయినా ఎవరూ పూర్తిగా బట్టల్లేకుండా మిగలకూడదని ఆయన లెక్క. శంషాబాదులో పెట్టెలు అప్పగించి వెనక్కి తిరిగినప్పుడు ఆయన ముఖంలో తృప్తి చూడాలి.

దుబాయ్‌లో దిగాం. పాస్‌పోర్టుల దగ్గర ఏ గొడవా లేదు. పెట్టెలు తీసుకుని అందరం నవ్వుతూ, అన్నయ్యగారు నేర్పినట్టే నవ్వుతూ, బయటికి నడుస్తున్నాం. యంత్రంలోంచి వచ్చిన అత్తయ్య పెట్టెను ఒక ఆఫీసరు పక్కకు లాగాడు. లోపల నల్లగా, గుండ్రంగా ఏవో ముద్దలు కనపడ్డాయట. పెట్టె తెరవమన్నాడు. అవి పులిహోర పులుసు ముద్దలు. అన్నయ్యగారు చొరవగా ముందుకెళ్ళి, ఇంగ్లీషులో చింతపండు గురించి, దాని ఔషధ గుణాల గురించి, ఆంధ్రుల సంస్కృతి గురించి చెప్పసాగారు. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. వింటూనే చేత్తో తక్కిన బట్టలు తడిమాడు. హోటల్లో ఏసీ పడదని అత్తయ్య తెచ్చుకున్న ఊలు సాక్సులు చేతికి తగిలాయి. ఒక సాక్సు గట్టిగా చుట్టి ఉంది. విప్పి దులిపాడు. అందులోంచి నా మాత్రల అట్ట ఒకటి బల్ల మీద పడింది.

మా ఆయన వైపు చూశాను. ఆయన పైన వేలాడుతున్న దారి చూపే బోర్డును, అందులో అరబ్బీ అక్షరాలను, చాలా శ్రద్ధగా చదువుతున్నారు. అర్థమైపోయింది. నా మందు పెట్టెలోంచి ఒక అట్ట నాకు తెలియకుండా తీసి తల్లి సాక్సులో బ్యాకప్ పెట్టారు మహానుభావుడు. ఎంత పెద్ద దొంగరవాణా ముఠావాళ్ళు కూడా ఇంత అనుమానంగా చుట్టరు.

ఆఫీసరు అట్ట మీద పేరు చదివాడు. ముఖం మారిపోయింది. ఇవి ఎవరివి అని అత్తయ్యను అడిగాడు. చింతపండు మీద ప్రసంగం ఆగిపోయింది. అన్నయ్యగారు ట్రాలీతో సహా నెమ్మదిగా వెనక్కి జరిగి, ఎవరో తెలియని కుటుంబం పక్కన నిలబడ్డారు.

"ఏమంటున్నాడమ్మాయ్?" అని అత్తయ్య నన్ను అడిగింది.

"ఆ మాత్రలు ఎవరివని అడుగుతున్నాడు అత్తయ్యా."

ఆవిడ మాత్రల వైపు చూసింది. నా వైపు చూసింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు గాని, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నావేనని చెప్పు. ఇంత వయసుదాన్ని నన్నేం చేస్తాడు?" అంది.

టిక్కెట్టు చేత్తో పట్టుకుని కూర్చునే మనిషి ఆవిడ. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరు ముందు అబద్ధమాడటానికి సిద్ధమైంది, అదీ అవేం మాత్రలో కూడా తెలియకుండా. నాకు ఏడుపొచ్చింది. అప్పటికే లిఫ్టులో వచ్చిన దడ మొదలైంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఇక ఆగితే నోరు పెగలదని తెలిసి, ఇంగ్లీషులో చెప్పేశాను. నావి. నాకు ఆందోళన జబ్బు ఉంది. అనుమతి ఉంది, చీటీ ఉంది. ఇవిగో.

అతను కాయితాలు తీసుకున్నాడు. చదివాడు. నా చేతిసంచిలోని పెట్టె తీసి చూశాడు. నీ మందు ఈమె పెట్టెలోకి ఎలా వచ్చింది, అదీ సాక్సులోకి, అని అడిగాడు. సబబైన ప్రశ్నే.

"మా ఆయన సర్దారు. బ్యాకప్," అన్నాను.

అతను మా ఆయన వైపు ఒక్క చూపు చూశాడు. ఆఫీసులో పెద్ద పెద్ద క్లయింట్లు కూడా ఆయన్ని అలా చూసి ఉండరు. తరవాత కాయితాలు పట్టుకుని ఇంకో ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. మమ్మల్ని అక్కడే ఉండమన్నాడు. అత్తయ్యకు కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు. ఆవిడను లోపలికి తీసుకెళ్తారేమో, మాటైనా అర్థం కాని చోట ఒంటరిగా కూర్చోబెడతారేమో అని నాకు భయమేసింది. డాక్టరు నేర్పినట్టు ఊపిరి నెమ్మదిగా తీసి వదులుతూ నిలబడ్డాను. అత్తయ్య నా వీపు నిమురుతూనే ఉంది.

అతను తిరిగొచ్చాడు. మాత్రలు లెక్కపెట్టి, రెండు చోట్లవీ కలిపి అనుమతి కాయితంతో సరిపోయాయని చూసుకున్నాడు. అట్టను నా చేతిలో పెట్టాడు. ఎవరి మందు వాళ్ళ దగ్గరే ఉంచుకోండి, ఈసారి వదిలేస్తున్నాను అన్నాడు. పులిహోర పులుసు కూడా తిరిగి ఇచ్చేశాడు.

బయట ట్యాక్సీల దగ్గరికి రాగానే అన్నయ్యగారికి ధైర్యం తిరిగొచ్చింది. "నాకు ముందే చెప్పి ఉంటే నేను హ్యాండిల్ చేసేవాడిని కదమ్మా," అన్నారు.

"అసలు ఏం మాత్రలవి?" అని ఆడపడుచు అడిగింది.

"ఏం లేదక్కా, విటమిన్ల లాంటివే," అన్నారు మా ఆయన. ఇంత జరిగాక కూడా! నాకు తిక్క తలకెక్కింది.

"కాదు వదినా. నాకు భయం జబ్బు ఉంది. ఏడాదిగా మందు వాడుతున్నాను. మీ తమ్ముడు చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదు," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది, ఒక ట్యాక్సీ డ్రైవరు తల తిప్పి చూశాడు.

అత్తయ్య నా మీద విరుచుకుపడలేదు. కొడుకు వైపు తిరిగింది.

"నా పెట్టెలో ఎందుకు పెట్టావురా?"

"ముసలివాళ్ళని పెద్దగా తనిఖీ చెయ్యరు కదమ్మా. నీ దగ్గరైతే రిస్కు తక్కువని..."

"అంటే, దొరికితే నేను దొరికినా ఫరవాలేదనుకున్నావు."

"అది కాదమ్మా..."

అదే. ఆయనకూ తెలుసు. ట్యాక్సీ ఎక్కి హోటలుకు బయల్దేరాం. ఎత్తయిన భవనాలన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి, ఒక్కరూ ఫోటో తియ్యలేదు.

సాయంత్రం హోటలు దగ్గరే ఉన్న తెలుగువాళ్ళ భోజనశాలకు వెళ్ళాం. చుట్టూ మన ముఖాలే. సగం మంది మెడల్లో ఆఫీసు ట్యాగులు లేవన్న మాటే గాని, మాదాపూర్‌లో కూర్చున్నట్టే ఉంది. అన్నయ్యగారు మెల్లగా బంగారం బజారు దారిలోకి మాట మళ్ళించారు. మా ఆయన ఫోన్లో షీటు తెరిచి ఏదో గడికి రంగు మారుస్తున్నారు. పెరుగన్నం అయ్యాక అత్తయ్య చెయ్యి కడుక్కొచ్చి, బల్ల అవతలి నుంచి, రాజమండ్రి గొంతుతో అడిగింది.

"అమ్మాయ్, నీ భయం మాత్ర వేసుకున్నావా?"

పక్క బల్ల వాళ్ళు చూశారు. ఆ పక్క బల్ల వాళ్ళూ చూశారు. మా ఆయన తల వంచుకుని, "అమ్మా, మెల్లగా... అందరూ వింటున్నారు," అన్నారు.

"విననీ. చెప్పుకోకూడని పని అదేం చేసిందిరా?"

నేను సంచిలోంచి పెట్టె తీసి, అట్టను చించి, అందరి ముందూ మాత్ర వేసుకున్నాను. అత్తయ్య తన నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది.